పుస్తకంతో కలవని అంకె

(విజయనగరంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల ప్రదర్శన ముగింపు సభలో ఒక విశ్రాంత ఏరోస్పేస్ అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పిల్లలు చేసినవి చూడాలని పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థులందరికీ నమస్కారం.

పొద్దున్నుంచి ప్రదర్శన అంతా తిరిగి చూశాను. డ్రోన్లు, థర్మాకోల్ గ్లైడర్లు, నీటి రాకెట్లు, ఉపగ్రహం నమూనాలు చాలా ఉన్నాయి. ప్రతి బల్ల దగ్గరా ఒకటే ప్రశ్న అడిగాను: "ఇందులో మీరు కొలిచినదేమిటి?" కొందరు తడుముకోకుండా చెప్పారు. కొందరు పక్కవాళ్ల ముఖం చూశారు. ఒక అబ్బాయి మాత్రం తల వంచుకుని, "ఇది కొన్నది సార్" అన్నాడు. నిజం చెప్పినందుకు ఆ అబ్బాయి భుజం తట్టి వచ్చాను. ఈ సాయంత్రం మీతో ఆ ప్రశ్న గురించే మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాఠాలు చెప్పిన తొలి ఏళ్లలో మా ప్రయోగశాలలో ఒక చిన్న విండ్ టన్నెల్ ఉండేది. ప్లైవుడ్ పెట్టె, వెనక నుంచి గాలిని లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను, గాలి తిన్నగా రావడానికి ముందు వైపు తేనెపట్టులా పేర్చిన స్ట్రాలు. అంతే. విద్యార్థులు అందులో రెక్క నమూనా పెట్టి లిఫ్ట్, అంటే గాలి రెక్కను పైకి ఎత్తే బలం, కొలిచేవారు. ఏటా రికార్డు పుస్తకాల్లో గీతలు చక్కగా, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే వచ్చేవి. నేను సంతకం పెట్టి మార్కులు వేసేవాణ్ని. ఆ పెట్టెలో అలాంటి గీత రావడానికి వీల్లేదని నాకు తట్టలేదు. పిల్లలు పుస్తకం చూసి అంకెలు దిద్దుకుంటున్నారు, దిద్దినవాటికే నేను మార్కులు ఇస్తున్నాను. ఎన్ని బ్యాచ్‌లకు అలా నేర్పానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ వరసను ఆపింది ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. రెక్క నమూనాను ఒక కడ్డీకి బిగించి, కడ్డీని టన్నెల్ అడుగున ఉన్న రంధ్రం గుండా దించి, వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ త్రాసు మీద నిలబెట్టింది. మొత్తం బరువు 240 గ్రాములు. ఫ్యాను వేస్తే రెక్క పైకి లేవబోతుంది, త్రాసు మీద అంకె తగ్గుతుంది. ఎంత తగ్గితే అంత లిఫ్ట్. లెక్క ప్రకారం 75 గ్రాములు తగ్గాలి. తగ్గింది 45. త్రాసు మార్చింది, కడ్డీ రంధ్రానికి రాసుకుంటోందేమోనని చూసింది, పదకొండుసార్లు మళ్లీ కొలిచింది. ఒకటి రెండు గ్రాముల తేడాతో అదే 45. నా దగ్గరికి వచ్చి, "ఇది తప్పయితే తప్పు ఎక్కడుందో చెప్పండి సార్. లేకపోతే ఇదే రాస్తాను" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

అగరుబత్తి పొగతో చూద్దామంటే ఆ గాలి వేగానికి పొగ చెదిరిపోతోంది. మర్నాడు ఆ అమ్మాయి వాళ్ల తాతగారి పొందూరు పంచె అంచు నుంచి లాగిన ఒక నూలు పోగు తెచ్చింది. చేత్తో వడికిన నూలు, ఊపిరి తగిలినా కదిలేంత తేలిక. సన్నని తీగ చివర దాన్ని కట్టి రెక్క పైభాగాన ముందంచు నుంచి మెల్లగా వెనక్కి జరుపుతూ పోయింది. ముందు భాగంలో పోగు గాలి వాలున తిన్నగా ఉంది. రెక్క వెడల్పులో మూడో వంతు దాటేసరికి వణికింది. ఇంకాస్త వెనక్కి జరపగానే తిరగబడి ముందంచు వైపు చూసింది! గాలి అక్కడ రెక్కను అంటుకుని లేదు. విడిపోయి, వెనక సుడి తిరుగుతోంది. పుస్తకంలోని గీత అసలు విమానం రెక్కది. అక్కడ రెనాల్డ్స్ సంఖ్య, అంటే గాలి వేగం, రెక్క వెడల్పు, గాలి జిగట మూడూ కలిపి కట్టే అంకె, లక్షలు, కోట్లలో ఉంటుంది. మా రెక్క వెడల్పు 10 సెంటీమీటర్లు, గాలి వేగం సెకనుకు 8 మీటర్లు. లెక్క వేస్తే 50 వేల చిల్లర. ఆ స్థాయిలో రెక్కను ఆనుకుని పారే పలుచని గాలి పొర చాలా నెమ్మదిగా, పొరలు పొరలుగా పోతుంది. రెక్క వెనక పెరిగే పీడనానికి ఎదురు నిలవలేక తొందరగా విడిపోతుంది. పెద్ద విమానానికి బాగా పనిచేసే మందపాటి రెక్క, చిన్న డ్రోన్ మీద సరిగా పనిచేయనిది ఇందుకే.

అలాంటప్పుడు ఆ పొరను కావాలనే కలచివేస్తే? బట్టలు కుట్టే దారం ముక్క ఒకటి రెక్క పైన ముందంచుకు దగ్గరగా అడ్డంగా అతికించింది. ఫ్యాను వేసింది. త్రాసు 178 చూపింది. అంటే లిఫ్ట్ 62. ఒక్క దారానికి 17 గ్రాములు.

ఇది ఆ అమ్మాయి కొత్తగా కనిపెట్టింది కాదు, ఆ మాట తనకూ చెప్పాను. గత శతాబ్దం మొదట్లో పెద్ద పెద్దవాళ్లే ఇక్కడ తడబడ్డారు. పారిస్‌లో టవరు కట్టిన గుస్తావ్ ఐఫెల్ మలివయసులో గాలి ప్రయోగాల మీద పడ్డారు. గోళం మీద గాలి నిరోధం ఆయన కొలిస్తే ఒక అంకె వచ్చింది. జర్మనీలో గోటింగెన్ ప్రయోగశాలవాళ్లు కొలిస్తే దానికి రెండు రెట్లకు పైగా వచ్చింది. ఐఫెల్ లెక్క తప్పిందన్నారు. ఆయన తన అంకెను వాళ్ల అంకెకు తగ్గట్టు సర్దుకోలేదు. వేగాలు మార్చి మార్చి కొలిచారు. ఒక వేగం దాటగానే నిరోధం చటుక్కున పడిపోతోందని తేలింది. ఇద్దరి కొలతలూ సరైనవే, వేగాలు వేరు. 1914లో గోటింగెన్‌లోనే లుడ్విగ్ ప్రాంట్ల్ గోళం చుట్టూ సన్నని తీగ ఒకటి చుట్టి, తక్కువ వేగంలోనే నిరోధం తగ్గించి చూపించారు. కలత చెందిన పొర గోళాన్ని ఎక్కువ దూరం అంటిపెట్టుకుంటుంది, వెనక సుడిగుండం సన్నబడుతుంది. మీరు మైదానంలో రోజూ చూసే స్వింగ్ బంతి కథ కూడా ఇదే. బంతి కుట్టు చేసే పని ఆ తీగ చేసిన పనే.

రైట్ సోదరులది కూడా ఇదే దారి. 1901లో వాళ్ల గ్లైడర్‌కు లెక్కకట్టిన లిఫ్టులో మూడో వంతే వచ్చింది. ఆ శరదృతువులో ఆరడుగుల చెక్కపెట్టె విండ్ టన్నెల్ చేసుకుని, సైకిలు చువ్వలు, రంపపు బ్లేడు ముక్కలతో త్రాసులు కట్టి, రెండు వందల దాకా చిన్న రెక్కలు పరీక్షించారు. అంతకుముందు గ్లైడర్లు ఎగరేసి కొలిచిన కొలతల నుంచి ఇంకో సంగతి తేల్చారు. గాలి బలాన్ని లెక్కకట్టడానికి నూరేళ్లకు పైగా అందరూ నమ్మి వాడుతున్న స్మీటన్ గుణకం 0.005 కాదు, 0.0033 దగ్గర ఉండాలని. 1903 డిసెంబరు 17న ఎగిరిన ఆ 12 సెకన్ల వెనక ఈ కొలతలు ఉన్నాయి.

ఇంతదూరం పోనక్కర్లేదు, మన జిల్లాల మనిషే ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు తెలుగు ఎలా ఉండాలో వ్యాకరణ గ్రంథాలు చెబుతున్నా, జనం నోట ఎలా ఉందో విని రాసుకున్నారు. సవరల భాష నేర్చుకోవడానికి పుస్తకమే లేకపోతే వాళ్ల నోటే విని, వ్యాకరణమూ నిఘంటువూ తానే రాశారు. ఆయనది భాష, మనది గాలి. పద్ధతి ఒకటే అని నాకు అనిపిస్తుంది. ఇంకో మాట, మీ ప్రయోగం నోట్సు తెలుగులో రాసుకోవడానికి సిగ్గుపడకండి. చూసింది చూసినట్టు రాయడానికి చిన్నప్పటి నుంచి మాట్లాడే భాషే నమ్మకమైనది.

ఉపగ్రహాల బల్ల దగ్గర ఎక్కువమంది గుమిగూడారు కాబట్టి రెండు మాటలు. 2010 జులైలో పీఎస్ఎల్వీ-సి15 మీద వెళ్లిన స్టడ్‌శాట్ కిలో కూడా లేదు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలకు చెందిన ఏడు ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు కలిసి చేశారు. ఐఐటీ బాంబే ప్రథమ్ 2007లో మొదలై 2016 సెప్టెంబరులో కక్ష్య చేరింది. మొదలుపెట్టిన పిల్లలు ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయారు. చేసినదీ చెడినదీ ఎవరో ఒకరు శ్రద్ధగా రాసిపెట్టకపోతే తొమ్మిదేళ్లు ఆ పని బతకదు. 2022 ఆగస్టులో ప్రభుత్వ పాఠశాలల బాలికలు భాగాలు చేసిన ఆజాదీశాట్‌ను మోసుకెళ్లిన తొలి ఎస్ఎస్ఎల్వీ, అంటే ఇస్రో చిన్న రాకెట్, దాన్ని 356 కిలోమీటర్ల ఎత్తున వృత్తాకార కక్ష్యకు బదులు ఒకవైపు 356, మరోవైపు 76 కిలోమీటర్ల ఎత్తుండే దీర్ఘవృత్తంలో వదిలింది. ఉపగ్రహం దక్కలేదు. రెండో దశ విడిపోయేటప్పటి అదురుకు సెన్సర్లు పొరబడ్డాయని ఇస్రో కారణం బయటపెట్టి, సరిదిద్ది, 2023 ఫిబ్రవరిలో ఆజాదీశాట్-2ను కక్ష్యలో పెట్టింది.

ఇప్పుడు నా కోరిక. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడితోటలు ఏమయ్యాయో ఈ సభలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. ఒక చెట్టు నిలిచింది, పక్క చెట్టు కూలింది. ఎందుకు? గట్టి పలక మీద గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుందని చదువుకున్నాం. ఆకు గట్టి పలక కాదు. గాలి హెచ్చితే ముడుచుకుంటుంది, శంకువులా చుట్టుకుంటుంది, బలాన్ని తప్పించుకుంటుంది. స్టీవెన్ వోగెల్ అనే జీవశాస్త్రవేత్త 1989లో వెడల్పాటి ఆకుల మీద ఇది కొలిచి ప్రచురించారు. మరి మన జీడి ఆకు? మన కొబ్బరి మట్ట? టన్నెల్ ఎగ్జాస్ట్ ఫ్యానుతో చేసుకోవచ్చు, ఆకు ఊరికే దొరుకుతుంది, త్రాసు వంటింట్లోది. ఒక్క ఆకుతో మొదలుపెట్టి కొమ్మ దాకా వెళ్లండి. ఏ వేగం దాకా ఆకు తప్పించుకుంటుంది, ఎక్కడ చిరుగుతుంది అన్నది ఈ జిల్లాల పిల్లలు కొలిచి చెబితే ఈ జిల్లాల రైతుకు పనికొచ్చే పరిశోధన అవుతుంది. దానికి పెద్ద కళాశాల పేరు అక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బిడ్డ ప్రాజెక్టుకని డబ్బు అడిగితే ఇవ్వండి, కానీ ఆ డబ్బు తయారైన ప్రాజెక్టు అమ్మే దుకాణానికి పోతోందా, ఫ్యానుకూ ప్లైవుడ్‌కూ పోతోందా అని అడగండి. అధ్యాపకులకు కూడా చెబుతున్నాను. ఎగరని నమూనాకు, ఎందుకు ఎగరలేదో కొలిచి రాసిన పక్షంలో, పూర్తి మార్కులు ఇవ్వండి. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. మీరు ఈ ఏడే మొదలుపెట్టండి.

ఆ అమ్మాయి చదువు ముగించి వెళ్తూ తన నోట్‌బుక్ నాకిచ్చింది. ఈ రోజు తెచ్చాను. సభ అయ్యాక మీ ప్రయోగశాలలో ఇచ్చి వెళ్తాను. అందులో 31వ పేజీలో ఒక పట్టిక ఉంది. దారం ముందంచుకు 10 మిల్లీమీటర్ల దూరంలో అతికిస్తే ఎంత లిఫ్ట్ వచ్చిందో రాసింది. 20కి, 30కి గడులు గీసింది కానీ అప్పటికి పరీక్షలు వచ్చిపడ్డాయి. ఆ రెండు గడులూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.