నూనె డబ్బా పక్కన పెట్టండి

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, నిర్వాహకులకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులకు ధన్యవాదాలు. చరిత్రతో మొదలుపెట్టమన్నారు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్తోఫొరి అనే ఆయన పియానో తయారుచేశాడు. చరిత్ర అయిపోయింది. ఇక పియానో మీద వేళ్ళతో నొక్కే మెట్ల సంగతికి, వాటిని తుడవడం, బాగుచేసుకోవడం సంగతికి వద్దాం.

మొత్తం 88 మెట్లు, తెల్లవి 52, నల్లవి 36. వీటిని తుడవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. మెత్తటి గుడ్డని తడిపి గట్టిగా పిండండి, ఎంత పిండాలంటే ఇక చుక్క రాలకూడదు. మెట్టు వెనకనుంచి మీవైపుకి లాగుతూ తుడవండి. అడ్డంగా తుడిస్తే మురికంతా సందుల్లోకి పోతుంది. వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. నల్ల మెట్లకి వేరే గుడ్డ వాడండి, రంగు దిగితే తెల్లవాటికి అంటుకుంటుంది. స్పిరిట్, థిన్నర్ వద్దు. మెట్టు మీద అతికించిన ప్లాస్టిక్ పలక వాటివల్ల మసకబారుతుంది, పగులుతుంది కూడా.

పాత పియానోల్లో పైపలక ఏనుగు దంతం కావచ్చు. నల్ల మెట్ల ముందు అంచు దగ్గర తెల్ల మెట్టు మీద అడ్డంగా సన్నటి గీత కనిపిస్తే, అక్కడ రెండు ముక్కలు అతికారన్నమాట. దంతానికి చాలామటుకు ఇదే గుర్తు. దానికి నీళ్ళు తగిలితే కిందున్న పాత జిగురు వదిలేస్తుంది. ఊడిన ముక్కని మాత్రం పారేయకండి. 1989లో ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపాలని దేశాలు నిర్ణయించుకున్నాయి, అలాంటి ముక్క మళ్ళీ కొనలేరు. సూపర్‌గ్లూతో మీరే అతికించనూ వద్దు. పలక చాలా పలచన, కింద ఏముంటే అది పైకి కనబడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు కింద తెల్లటి పూత ఉండేలా చూసి అతికిస్తారు. ఇంకో మాట, దంతం చీకట్లో పసుపెక్కుతుంది. మూత ఎప్పుడూ మూసి ఉంచే ఇళ్ళకి ఈ మాట చెప్పాలి.

ఇదంతా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నేనొచ్చింది నూనె గురించి చెప్పడానికి.

మా ఇంట్లో పాత అప్‌రైట్ పియానో, అంటే బీరువాలా నిలువుగా ఉండేది. ఒక వానాకాలం మధ్యలో ఉన్న ఎఫ్ అనే స్వరం మెట్టు నొక్కితే కిందికి వెళ్ళి అక్కడే ఉండిపోయేది, లేచేది కాదు. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. తలుపు కిర్రుమంటే నూనె, గొళ్ళెం పట్టేస్తే నూనె. కుట్టుమిషన్ నూనె డబ్బా తీసి రెండు సందుల్లోనూ నాలుగేసి చుక్కలు వేశాను. రెండురోజులు బాగానే ఉంది! ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి ఎఫ్‌తో పాటు పక్కనున్న ‘ఇ’, ‘జి’ స్వరాల మెట్లు కూడా పట్టేశాయి. అప్పుడు నేనేం చేశానంటే, ఇంకాస్త నూనె వేశాను.

నవ్వకండి. ఇక్కడ ఎంతమంది వేశారో చేతులెత్తండి. చూశారా.

ఎందుకిలా అయిందంటే, మెట్టు అంటే కర్ర. ముందువైపు కింద ఒక పిన్ను, మధ్యలో ఇంకో పిన్ను. పిన్నుకీ కర్రకీ మధ్య ఫెల్ట్ అనే మెత్తటి ఉన్ని గుడ్డ. చెమ్మ పెరిగితే కర్రా, ఫెల్టూ ఉబ్బి పిన్నుని బిగించేస్తాయి. నూనె వేస్తే ఫెల్ట్ దాన్ని పీల్చుకుని, దుమ్ము పట్టి జిడ్డు ముద్దవుతుంది.

బాగుచేసే ఆయన వచ్చి, ముందుచెక్క విప్పి, వాసన చూసి అడిగారు: "ఇందులో నూనె పోశారా?" లేదన్నాను. పచ్చి అబద్ధం. ఆయన ఏమీ అనలేదు. మెట్టు పైకి తీస్తే దాని పక్కన ఇరుక్కున్న నాణెం ఒకటి కింద పడింది. జబ్బల్లా ఆ నాణెం! చెమ్మ కూడా కాదు. ఆ ఒక్క మెట్టు తీసి చూసుంటే సరిపోయేది. నేను పోసిన నూనెకి మూడు మెట్ల ఫెల్ట్ మార్చాల్సి వచ్చింది. ఆయన వెళ్ళేదాకా నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

కాబట్టి ముందు చూడండి. పలచటి అట్టముక్కని మెట్ల సందులో జరిపి, ఏదైనా అడ్డుందేమో తడమండి. తర్వాత మెట్టు ముందుకొసని పట్టుకుని పక్కలకి ఆడించండి. అస్సలు కదలకపోతే ఫెల్ట్ బిగిసినట్టు. గదిలో చెమ్మ తగ్గితే చాలాసార్లు దానంతటదే వదులుతుంది. చాలా అప్‌రైట్లలో ముందుచెక్క, మెట్లమీది పట్టీ తీస్తే మెట్టుని నిటారుగా పైకి ఎత్తొచ్చు. వంచకండి, మధ్య రంధ్రం వెడల్పవుతుంది. తీసేముందు ఫోటో తీసుకోండి. మెట్ల మీద 1 నుంచి 88 దాకా అంకెలుంటాయి కాబట్టి కలిసిపోతాయని టెన్షన్ పడక్కర్లేదు. మధ్య పిన్నుకి తొడిగిన చిన్న కాగితం బిళ్ళల్ని మాత్రం అటూ ఇటూ చేయకండి, మెట్టు ఎత్తు వాటి మీదే ఆధారపడుతుంది. తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద గ్రాండ్ పియానో జోలికి వెళ్ళొద్దు. లోపలి యంత్రాన్ని బయటికి లాగేటప్పుడు పొరపాటున ఒక మెట్టు నొక్కితే తీగని కొట్టే సుత్తి విరగొచ్చు.

ఇంకా రెండు పేజీలున్నాయి గానీ చదవను. ఇందాక ప్రార్థన గీతం వాయించిన పాప ఈ వేదిక మీది పియానోలో కుడిచివర ఒక మెట్టుని వేలితో పైకి లేపుకుంటూ వాయించడం చూశాను. ఎవరి దగ్గరైనా స్క్రూడ్రైవర్ ఉందా? అమ్మా, నువ్వూ పైకి రా. ఏ మెట్టో చూపించు.