అటక మీది హీటర్‌ని తొట్టిలో పెట్టే ముందు

అందరికీ నమస్కారం.

చలి మొదలైంది. అటక మీద పడేసిన అక్వేరియం హీటర్లు కిందికి దిగే రోజులివి. సెకండ్ హ్యాండు తొట్టి కొన్నవాళ్లకి దాంతోపాటే ఒకటి వచ్చి ఉంటుంది. గాజు గొట్టం, పైన నల్లటి మూత, దాని మీద తిప్పే చిన్న మర. డిగ్రీల అంకెలుండవు, ప్లస్సూ మైనస్సూ మాత్రమే ఉంటాయి.

లోపల పింగాణీకి చుట్టిన నిక్రోమ్ తీగ వేడినిస్తుంది. దానిపైన రెండు వేర్వేరు లోహాలు అతికించిన సన్నటి పట్టీ ఉంటుంది. వేడికి రెండూ ఒకేలా సాగవు కాబట్టి పట్టీ వంగి, కాంటాక్టు విడిపోయి, కరెంటు ఆగుతుంది. చల్లబడితే మళ్లీ కలుస్తుంది. మనం తిప్పే మర ఆ పట్టీ మీద ఒత్తిడిని కాస్త పెంచుతుంది, తగ్గిస్తుంది. నీళ్లు 26 డిగ్రీలున్నాయో 32 ఉన్నాయో ఆ పరికరం మనకు చెప్పలేదు. అందుకే థర్మామీటర్ విడిగా ఉండాలి, అదీ హీటర్‌కి దూరంగా, తొట్టి రెండో చివర.

కాంటాక్టు విడిపోయిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొనలు కాలి, ఒకరోజు అతుక్కుపోతాయి. ఇక హీటర్ ఆగదు. నా ఏంజెల్ చేపలు నాలుగు అలాగే పోయాయి. రాత్రి మేత తిన్నాయి, తెల్లారి చూస్తే నీళ్లలో చెయ్యి పెట్టలేకపోయాను. ఆ బాధతోనే లెక్క వేసుకున్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 57 లీటర్లు పడతాయి. బయటికి పోయే వేడిని పక్కన పెడితే, 300 వాట్ల హీటర్ ఆగకుండా వెలిగితే ఆ నీళ్లు గంటకి నాలుగున్నర డిగ్రీలు పెరుగుతాయి. 50 వాట్లదైతే ముప్పావు డిగ్రీయే. నిద్రలేచి చూసుకునే వ్యవధి దొరుకుతుంది. పాత హీటర్ వాడేవాళ్లు లీటరుకి ఒక వాటు దాటొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

గాజు లోపల తేమ కనిపించినా, రబ్బరు మూత గట్టిపడి పగిలినా, వైరు పెళుసెక్కినా పారేయండి. టేపు చుట్టి వాడొద్దు, నీళ్లలో ఉండే కరెంటు వస్తువుకి అతుకులు పనికిరావు. హీటర్ పెట్టే లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, ఉండాలి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా ఉంచితే, దాని వెంట జారిన నీటిచుక్క సాకెట్లోకి పోకుండా కిందే రాలిపోతుంది.

బాగున్న హీటరైనా రెండు రోజులు బకెట్లో పెట్టి చూడండి, చేపలు లేకుండా. గొట్టం మీద నీటి గీత ఉంటే నీళ్లు అక్కడిదాకానే రావాలి. ముందు ప్లగ్గు పెట్టకుండా అరగంట నీళ్లలో ఉంచండి. తర్వాత ప్లగ్గు పెట్టి, హీటర్‌లో ఉండే చిన్న లైటు వెలిగేదాకా మర మెల్లగా తిప్పండి. లైటు దానంతటదే ఆరాక థర్మామీటర్ చూడండి. తక్కువుంటే ఇంకాస్త, పావు చుట్టు కన్నా తక్కువే, తిప్పి మర్నాటిదాకా ఆగండి. తొందరపడి గంటకోసారి తిప్పితే ఎక్కడా నిలవదు.

మన ఇళ్లల్లో ఎక్కువగా జరిగే పొరపాటు కరెంటు పోయినప్పుడే. చీకట్లో ఎలాగూ పనిలేదని నీళ్లు మార్చడం మొదలుపెడతాం, స్విచ్ ఆపడం మరిచిపోతాం. సగం నీళ్లు తీశాక కరెంటొస్తుంది, ఖాళీ గాలిలో గాజు మండిపోతుంది. దాని మీద చల్లటి నీళ్లు పోస్తే పగులుతుంది. అప్పుడు ఆ నీళ్లలో చెయ్యి ఉంటే? ప్లగ్గు పీకి, ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడే తొట్టిలో చెయ్యి పెట్టండి. పిల్లలకీ ఇదే నేర్పండి.

అన్నట్టు, గోల్డ్ ఫిష్ పెంచేవాళ్లకి హీటరే అక్కర్లేదు.

హీటర్లు తెచ్చినవాళ్లు ఇలా ముందుకు రండి. ముందు మూతలూ వైర్లూ చూద్దాం, తర్వాత బకెట్ దగ్గరికి వెళ్దాం.