ఐక్యాప్: ప్రాక్సీకీ స్కానర్‌కీ మధ్య

అందరికీ నమస్కారం. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. అక్కడ బస్తా మొత్తం కుమ్మరించరు. ఓ గుప్పెడు కాయలు బయటికి తీసి రంగు చూస్తారు, చేత్తో నలిపి తేమ చూస్తారు. మనం ఈరోజు మాట్లాడుకునే ఐక్యాప్, అంటే ప్రాక్సీ తన దగ్గరికొచ్చినదాన్ని స్కానర్‌కు చూపించే పద్ధతిలోనూ ఇలాంటిదే ఒకటుంది. దాని పేరు ప్రివ్యూ.

మన ల్యాబ్‌లో మీరు అడిగే ప్రతి పేజీ స్క్విడ్ ప్రాక్సీ ద్వారానే వస్తుంది. ప్రాక్సీ అంటే మనకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడే సర్వర్. కానీ వైరస్‌లు పట్టడం స్క్విడ్ పని కాదు. దానికి క్లామ్‌ఏవీ అనే స్కానర్ ఉంది, దాని ముందు సీ-ఐక్యాప్ సర్వర్ ఉంది. స్క్విడ్ ఆ సర్వర్‌తో మాట్లాడే భాషే ఐక్యాప్. 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3507 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది, మామూలుగా 1344 పోర్ట్ మీద నడుస్తుంది. మన రిక్వెస్ట్ బయటికి వెళ్లేముందు చూపించడం రెక్‌మాడ్, వచ్చిన జవాబును చూపించడం రెస్ప్‌మాడ్.

ఇక ప్రివ్యూ సంగతి. ప్రాక్సీ మొదట కాసిన్ని బైట్లే, 1024 అనుకోండి, ఐక్యాప్ సర్వర్‌కు పంపుతుంది. ఫైల్ ఏ రకమో చాలాసార్లు అందులోనే తెలిసిపోతుంది. మార్చేదేం లేకపోతే అటు నుంచి 204 అని జవాబొస్తుంది. మిగతాదీ చూడాలనుకుంటే సర్వర్ 100 కంటిన్యూ అంటుంది. పెద్ద వీడియోను అటూ ఇటూ మోసే బాధ తప్పుతుంది.

హెచ్‌టీటీపీఎస్ సైట్లలో అంతా రహస్య సంకేతాల్లో వస్తుంది కాబట్టి ప్రాక్సీ దాన్ని విప్పితేనే (డీక్రిప్ట్ చేస్తేనే) స్కానర్‌కు లోపలిది కనిపిస్తుంది. బ్యాంకు సైట్లను మాత్రం దయచేసి ముట్టుకోకండి. ఒకరి పాస్‌వర్డ్ మన సర్వర్‌లో విప్పి చూసే హక్కు మనకు లేదు.

ఇక అసలు విషయం. స్కానర్ ఆగిపోతే? స్క్విడ్‌లో బైపాస్ ఆన్ ఉంటే తనిఖీ లేకుండానే వదిలేస్తుంది, ఆఫ్ ఉంటే పేజీకి బదులు ఎర్రర్ ఇస్తుంది. హన్మకొండలో నేను పనిచేసిన ఒక కాలేజీలో, ఫీజు కట్టే ఆఖరి రోజున స్కానర్ పడిపోయింది. కౌంటర్ ముందు పెద్ద లైన్. టెన్షన్‌లో బైపాస్ ఆన్ చేశాను, సాయంత్రం స్కానర్‌ను మళ్లీ లేపడం, బైపాస్ ఆఫ్ చేయడం రెండూ మరిచిపోయాను. నెట్ సాఫీగా నడుస్తోంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మూడు వారాల తర్వాత ఐకార్ టెస్ట్ ఫైల్ దింపి చూశాను. యాంటీవైరస్ పనిచేస్తోందా లేదా చూడటానికే తయారుచేసిన 68 బైట్ల ఫైల్ అది. నేరుగా డెస్క్‌టాప్ మీదికి వచ్చేసింది. ఆ మూడు వారాల్లో ఇంకేమేం లోపలికొచ్చాయో అని ఆ రాత్రంతా లాగ్‌లు తిరగేశాను. అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే ఆ ఫైల్‌తో ఒకసారి పరీక్షిస్తాను.

పదండి, ల్యాబ్‌కు వెళ్దాం. ఒకరు స్కానర్ సర్వీస్ ఆపండి, ఇంకొకరు ఆ ఫైల్ దింపండి. ముందు బైపాస్ ఆఫ్ పెట్టి, తర్వాత ఆన్ చేసి.