చర్చ్ స్ట్రీట్‌లో రూము తీసుకోవచ్చా?

యాంకర్: నమస్కారం. ఈరోజు అతిథి బెంగళూరులో 12 ఏళ్ళు ఉండి, ఇప్పుడు తిరుపతిలో స్థిరపడ్డారు. రాత్రిళ్ళు సందడిగా ఉండే చోట బస చేయాలంటే ఏం చూసుకోవాలో ఆవిడని అడగండి. హలో, ఎక్కడి నుంచి?

కాలర్: తిరుపతే సార్, బస్టాండు దగ్గర. నమస్తే మేడమ్. శనివారం మా అబ్బాయిని చూడటానికి నేను, మా ఆవిడ బెంగళూరు పోతున్నాం. వాడుండేది పీజీ హాస్టల్లో, మాకక్కడ చోటివ్వరు. చర్చ్ స్ట్రీట్‌లో రూము బుక్ చేస్తా అంటున్నాడు. అక్కడన్నీ పబ్బులంట కదా! మా ఆవిడకి అప్పుడే టెన్షన్ పట్టుకుంది.

అతిథి: టెన్షన్ పడొద్దని అక్కకి చెప్పండి సార్. పబ్బులున్న మాట నిజమే. అదే వీధిలో పాత పుస్తకాల షాపులున్నాయి, ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. సాయంత్రమైతే పిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు తిరుగుతుంటాయి. ఎంజీ రోడ్డుకి వెనకే ఉంటుంది, కిలోమీటరు కూడా ఉండదు. తప్పకుండా చూడండి. పడుకోవడం దగ్గరే జాగ్రత్త కావాలి.

కాలర్: చప్పుడు మాకు కొత్త కాదు మేడమ్. తెల్లవారుజామున మూడింటికే మా వీధి చివర "కొండకి, కొండకి" అని జీపులవాళ్ళు అరుస్తా ఉంటారు.

అతిథి: ఆ అరుపుల్లో నిద్ర పడుతుంది సార్, పబ్బు మోతలో పట్టదు. కిటికీ మూసినా గోడల్లోంచి వస్తుంది. చెవుల్లో దూది పెట్టుకుంటే మాటలు ఆగుతాయి గానీ ఆ డమడమ మోత ఆగదు. రోడ్డుకి దూరంగా ఉంటుందని ఒకసారి నేను అన్నిటికంటే పై అంతస్తు తీసుకున్నా. నా నెత్తి మీదే, మిద్దె మీద పబ్బుందని రాత్రి తొమ్మిదికి తెలిసింది. అలమరలో ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలి ఒంటిగంట దాకా టకటకమంటూనే ఉన్నాయి.

యాంకర్: రాత్రి పదికి మైకులు ఆపాలి కదా మేడమ్?

అతిథి: బయట పెట్టే లౌడ్‌స్పీకర్లకి రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం ఉంది. హాలు లోపల వాయించేది ఆగదు. పబ్బులు ఒంటిగంట దాకా ఉంటాయి. మూశాక జనం రోడ్డు మీదికొచ్చి బండ్ల కోసం నిలబడతారు, అదో గోల. అందుకే డబ్బు కట్టకముందే బాబుని హోటల్‌కి ఫోన్ చేయమనండి. మిద్దె మీద గానీ, కింద గానీ పబ్బుందా, వెనక వైపు కిటికీ ఉన్న రూమిస్తారా అని అడగాలి. అవతలివాళ్ళు నసిగితే వదిలేయండి. నన్నడిగితే మెట్రోలో ఒక్క స్టేషన్ ఇవతల, ట్రినిటీ దగ్గర పడుకోండి. పదింటి దాకా తిరిగి ఒక్క స్టాపు వెనక్కి రావడమే కదా.

కాలర్: మెజెస్టిక్ బస్టాండులో దిగి రావాలా?

అతిథి: అంత దూరం ఎందుకు? మన బస్సు కేఆర్ పురం మీదుగానే పోతుంది. అక్కడ దిగి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కండి. 2023 అక్టోబరు నుంచి నేరుగా ఎంజీ రోడ్ దాకా రైలుంది. రాత్రి బస్సు మాత్రం వద్దు సార్. నాలుగింటికి దించేస్తే, మధ్యాహ్నం దాకా చాలా హోటళ్ళలో రూమివ్వరు.

యాంకర్: చిత్తూరు నుంచి ఇంకో కాల్. చెప్పమ్మా.

కాలర్: అక్కా, మేం ముగ్గురు అమ్మాయిలం. డిగ్రీ అయిపోయింది. ఒక్క రాత్రి చర్చ్ స్ట్రీట్ చూసొస్తామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. ఇదిగో, పక్కనే ఉంది.

తల్లి: అర్ధరాత్రి ఆడపిల్లల్ని ఎట్లా పంపేది మేడమ్?

అతిథి: మీ భయంలో తప్పేం లేదమ్మా. జనమున్న వీధిలో కంటే, అక్కడి నుంచి రూముకి పోయే చీకటి సందులోనే నాకూ భయం. రూము మెట్రో స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో, వెలుతురున్న రోడ్డు మీద తీసుకోమనండి. పది దాటాక ఆటోకి మీటరు మీద ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, అది రూలే. అంతకు మించి అడిగితే ఎక్కొద్దు. ఎక్కితే ట్రిప్ లింకు మీ వాట్సాప్‌కి రావాలి. పాపా, జ్యూసైనా సరే, గ్లాసు బల్ల మీద వదిలి వెళ్తే మళ్ళీ అది తాగొద్దు. ఆపదొస్తే ఫోన్ చేయడానికి 112 గుర్తుంచుకో. డిసెంబరు 31న మాత్రం అస్సలు పోవద్దు. ఆ రాత్రి రద్దీకి ఎంజీ రోడ్ స్టేషన్‌నే మూసేసిన ఏళ్ళున్నాయి.

తల్లి: పదిన్నరకల్లా రూములో ఉండి వీడియో కాల్ చేస్తే పంపిస్తా.

కాలర్: పదకొండు అమ్మా!

అతిథి: పదిన్నరే పాపా. ఫోన్ ఛార్జింగ్ చూసుకో.