గుర్రానికి ధర కట్టడం: ముందు నోరు, తర్వాత కాళ్లు, రంగు ఆఖర్న

యాంకర్: డాక్టర్‌గారూ, నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరలో ఒక తెల్ల గుర్రం. ఎనిమిదేళ్లదంటున్నారు, రెండు లక్షలు చెబుతున్నారు. హైదరాబాద్‌లో బారాత్‌లకి, అంటే పెళ్లి ఊరేగింపులకి కావాలి. ఇది న్యాయమైన ధరేనా?

డాక్టర్: నోరు తెరిపించకుండా ఎలా చెప్తామమ్మా? ముందుపళ్లు పైన ఆరు, కింద ఆరు. పాలపళ్లు రాలి నడిమి జత రెండున్నరేళ్లకి, పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి వస్తుంది. ఐదేళ్లకి నోరు నిండుతుంది. అక్కడి నుంచి కింది పళ్ల మీది గుంటలు చూడాలి. నడిమివి ఆరో ఏట, పక్కవి ఏడో ఏట, చివరివి ఎనిమిదో ఏట అరిగిపోతాయి.

యాంకర్: అంటే ఎనిమిదేళ్ల గుర్రానికి కింది పళ్లు దాదాపు చదునుగా ఉండాలి.

డాక్టర్: అవును. దీనికేమో లోతుగా నల్లగుంటలు కనబడుతున్నాయనుకోండి, అప్పుడే అనుమానించాలి. ముసలి గుర్రం పళ్లు తొలిచి, కాల్చి గుంటలు చేసే మోసం పాతదే. అసలు గుంట చుట్టూ ఎనామెల్ అంచు తెల్లగా, గట్టిగా వేలికి తగులుతుంది. దొంగ గుంటకి ఆ అంచుండదు. తర్వాత పై వరసలో చివరి ముందుపన్ను చూడండి. పదేళ్లకి చిగుళ్ల దగ్గర గోధుమరంగు గాడి మొదలవుతుంది, పదిహేనుకి సగం దాకా, ఇరవైకి కొస దాకా దిగుతుంది. ఏడాది అటూఇటూ అవ్వచ్చు గానీ ఎనిమిదీ పదిహేనూ ఒకటి కావు.

యాంకర్: గాడి సగం దాకా దిగిందనుకుందాం.

డాక్టర్: అయితే లెక్క మారింది. పద్దెనిమిదేళ్ల దాకా పనిచేస్తుందనుకుంటే ఎనిమిదేళ్లదానికి పదేళ్ల పని మిగిలుంది, ఏడాదికి 20,000 పడుతుంది. పదిహేనేళ్లదానికి మూడేళ్లే. అదే రేటున 60,000. ఇంతకు మించి అడిగితే ఎందుకో అమ్మేవాడే చెప్పాలి.

యాంకర్: తెలుపుకే కదా అడిగేది!

డాక్టర్: ఏ తెలుపు? మూతి దగ్గర, తోక కింద చర్మం గులాబీ రంగులో ఉంటే పుట్టు తెలుపు, నుక్రా అంటారు. దానికి ధర ఎక్కువే. చర్మం నల్లగా ఉంటే పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి వయసుతో తెల్లబడిన గుర్రం. అలాంటివాటికి వయసు ముదిరాక తోక కింద నల్లటి కణుతులు రావడం మామూలు, తోక ఎత్తి చూడండి.

యాంకర్: ఒంటి మీద వెంట్రుకల సుడుల సంగతి?

డాక్టర్: సుడి ఎక్కడుంటే ఏం, నడక మారదు. కానీ సంతలో ధర మారుతుంది. అమ్మే ఉద్దేశం ఉంటే పట్టించుకోవాలి. సొంతానికైతే చెడ్డ సుడి పేరుతో బేరం తగ్గించుకోండి, లాభం మీదే.

యాంకర్: ఇక కాళ్లు?

డాక్టర్: గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టించి, ముప్పై మీటర్లు ట్రాట్, అంటే నెమ్మది పరుగు, చేయించండి. నొప్పి ఉన్న ముందుకాలు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది. తాడు బిగపట్టి పరిగెత్తిస్తే ఆ ఊపు తెలియదు, అందుకే కొందరు అలా పట్టుకుంటారు. కాలు ఒక నిమిషం మడిచి పట్టి వదిలి మళ్లీ పరిగెత్తించండి. మొదటి రెండు మూడు అడుగులు బిగుసుకుంటే పర్లేదు, ఆపైన కుంటితే కీలులో లోపం ఉందేమోనని అనుమానించాలి. ముందే నడిపించి వేడెక్కించిన గుర్రాన్ని చూడొద్దు, పొద్దున్నే కట్టు విప్పగానే చూడండి. నొప్పి మందు వేసి ఉంటే మాత్రం కంటికి దొరకదు, రక్తపరీక్షే దారి.

యాంకర్: గిట్టలో ఏం చూడాలి?

డాక్టర్: గిట్ట చుట్టూ వలయాలు ముందు దగ్గరగా, మడమ వైపు వెడల్పుగా ఉంటే ఒకప్పుడు గిట్ట లోపల వాపు వచ్చిపోయిందన్నమాట. మళ్లీ రావచ్చు. అలాంటిదాన్ని చవగ్గా ఇచ్చినా వద్దంటాను. కింద నల్లగా, కుళ్లు వాసనైతే ఫర్వాలేదు. శుభ్రం చేయిస్తే తగ్గుతుంది, ఆ ఖర్చు తగ్గించమనండి.

యాంకర్: మేపు ఖర్చు కూడా ధరలో చూడాలా?

డాక్టర్: చూడాలి. టేపుతో తూకం వేయొచ్చు. ఛాతీ చుట్టుకొలత 170 సెంటీమీటర్లు, భుజం నుంచి పిరుదు దాకా పొడవు 160 అనుకోండి. 170ని 170తో, దాన్ని 160తో గుణించి 11,880తో భాగిస్తే దాదాపు 390 కిలోలు. అందులో రెండు శాతం, అంటే రోజుకి ఎనిమిది కిలోల ఎండు మేత, దాణా. రోజుకి 300 రూపాయలు అనుకున్నా ఏడాదికి 1,09,500. చవక గుర్రమైనా తినేది ఇంతే.

యాంకర్: డబ్బు ఎప్పుడివ్వాలి?

డాక్టర్: బయానా ఇచ్చి గ్లాండర్స్ పరీక్ష చేయించండి. మనుషులకీ సోకే జబ్బది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఆ పరీక్ష చేస్తారు. ఉందని తేలితే 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం గుర్రాన్ని చంపాల్సిందే. అందుకే రిపోర్టు వచ్చాకే మిగతా సొమ్ము. రిపోర్టు తేడా వస్తే బయానా వాపసని కాగితం మీద రాయించుకోండి. బారాత్‌కంటున్నారు కాబట్టి డప్పు కొట్టించి, ఫోన్ ఫ్లాష్ వేసి బెదురుతుందేమో చూడండి. కండువా కింద వేళ్లు పట్టుకుని బేరం ఖాయం చేసే ముందు కళ్లెం, జీను ధరలోనే ఉన్నాయా అని అడగండి.