జెండా పాట ధర, అమ్మవారి కన్ను

నమస్తే. వెనకాల నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి, ఇక్కడ ఫ్యాన్ కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ‘ఏ వార్తను నమ్మాలి, ఏది నమ్మొద్దు, ఓ గంట మాట్లాడండి సార్’ అని నన్ను పిలిచారు. గంట అక్కర్లేదు. నేను పోలీసును కాదు, జర్నలిస్టునూ కాదు, బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. అబద్ధాలు ప్రచారం చేసినవాళ్ల జాబితా ఎవరైనా రాస్తే అందులో నా పేరు కూడా ఉంటుంది, ముందు అది ఒప్పుకొని మొదలుపెడతా.

పన్నెండేళ్లు ప్రతి బ్యాచ్‌కూ ఒక కథ చెప్పాను. కోహినూర్ వజ్రం మనదే, మన భద్రకాళి అమ్మవారి ఎడమ కన్నుగా ఉండేది, 1310లో ఢిల్లీ సుల్తాను అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించి దాన్ని పట్టుకుపోయాడు అని. చెప్తుంటే నాకే ఒళ్లు పులకరించేది. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల లేచి, “సార్, కన్నుగా ఉన్నదని ఎవరు చూసి రాసిండ్రు?” అంది. “పుస్తకాల్లో ఉంది, కూర్చో” అన్నాను. ఏ పుస్తకమో నాకు తెలిస్తే కదా!

ఆ రాత్రి పడుకోలేదు, వెతకడం మొదలుపెట్టా. ముట్టడి నిజమే. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, నిధి ఇచ్చి సంధి చేసుకున్నదీ నిజమే. ఆ సొత్తులో సాటిలేని రత్నం ఒకటి ఉందని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు, కోహినూర్ అని మాత్రం అనలేదు. రెండు వందల ఏళ్లు దాటాక బాబర్ తన జ్ఞాపకాల్లో ఒక పెద్ద వజ్రం గురించి రాస్తూ, అది అలావుద్దీన్ తెచ్చిందని చెప్పుకుంటారన్నాడు. అందులో ఓరుగల్లు పేరు లేదు. కోహినూర్ అన్న పేరేమో 1739లో నాదిర్‌షా ఢిల్లీని దోచుకున్నప్పటి నుంచి వినిపిస్తుంది. అంటే మూడు చోట్ల మూడు పూసలున్నాయి, వాటిని ఒక్క దారానికి గుచ్చి దండ చేసింది మనం. అది మన దగ్గరి నుంచే పోయి ఉండొచ్చు కూడా, ఆ దారి మూసుకుపోలేదు, కానీ ‘పోయి ఉండొచ్చు’ అన్నదాన్ని నేను క్లాసులో ‘పోయింది’ అని చెప్పాను, పైగా అమ్మవారి కన్ను తోడుపెట్టాను.

నాకు సిగ్గేసింది ఎక్కడంటే, ఇదే కథ వేరే ఊరివాడెవడైనా తన ఊరి గుడి గురించి చెప్పి ఉంటే నేనే ‘ఆధారం చూపెట్టు’ అని గల్లా పట్టేవాణ్ణి. నచ్చని వార్త గుమ్మంలోకి వస్తే ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ అడుగుతాం. నచ్చిన వార్తకు కుర్చీ వేసి చాయ్ పోస్తాం. ఫోన్లో వచ్చే రాజకీయ వీడియోల సంగతి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఎవరి పార్టీ వీడియో వాళ్లకు నిజంగానే కనిపిస్తుంది.

సరే, మరి శాసనాలనైనా నమ్మొచ్చా అని మీరు అడగొచ్చు. రాతి మీద ఉంది కదా అని! శాసనాల్లో రాజుగారిని పొగిడే భాగం ఒకటుంటుంది, ప్రశస్తి అంటారు. ఆయన శత్రువులందరినీ గెలిచేస్తాడు, ఆయన దానానికి కర్ణుడు సిగ్గుపడతాడు. చరిత్ర చదివేవాళ్లు దాన్ని చూసి నవ్వుకుని కిందికి పోతారు. కింద ఏముంటుంది? ఫలానా రోజున, ఫలానా దేవుడికి, ఫలానా చెరువు వెనక ఇంత భూమి ఇచ్చాం, తూర్పున ఇది, పడమర ఇది హద్దు. అక్కడ వాళ్ల చూపు ఆగుతుంది. ఎందుకంటే పొగడ్త తప్పైతే అడిగేవాడు లేడు. హద్దు తప్పు రాస్తే పక్క పొలం వాడు ఊరుకుంటాడా, పంచాయితీ పెడతాడు! నాకు తెలిసినంతలో ఏ వార్తకైనా ఇంతకంటే పనికొచ్చే కొలత లేదు: ఇది తప్పైతే నిలదీసేవాడు ఎవడైనా ఉన్నాడా?

రుద్రమదేవి సంగతే చూడండి. మార్కోపోలో మన తీరంలో మోటుపల్లి రాజ్యం గురించి రాశాడు, దాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. ఆయనకు అబద్ధమాడాల్సిన పనేమీ లేదు, దాదాపు ఆ కాలపు మనిషే. అయినా ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు! రేవులో ఎవరో చెప్పింది విని రాసుకున్నట్టున్నాడు. ఇక ఆమె 1295 దాకా ఏలిందని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం బయటపడింది. అది కూడా ‘రాణి చనిపోయింది’ అని చాటడానికి వేసిన రాయి కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు, చనిపోయిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చి వేయించాడు. దానం చేస్తూ మాటవరసకు చెప్పిన సంగతి, పెద్ద పెద్ద పుస్తకాల్లోని తేదీని దిద్దింది. మన వాట్సాప్ మెసేజ్‌లో అలాంటి రాయి ఏది? ‘ప్రముఖ డాక్టర్ చెప్పారు’ అంటారు, ఏ ఊరి డాక్టరు? ‘నిన్న రాత్రి జరిగింది’ అంటారు, అదే మెసేజ్ పోయినేడు కూడా నిన్న రాత్రే జరిగింది.

ఇప్పుడు కొంచెం కష్టమైనది చెప్తా. అబద్ధం ఒక్కటి లేకుండా కూడా మోసపోవచ్చు.

మా బాపు మిర్చి రైతు. ఒక ఏడు పేపర్లో తేజ రకం ధర చూశాడు, ఫొటో కూడా ఉంది, బస్తాల మధ్య వ్యాపారులు నిలబడి ఉన్నారు. మరునాడు తెల్లారకముందే ట్రాలీ మాట్లాడుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. సాయంత్రం కాంటా అయ్యేసరికి క్వింటాకు నాలుగు వేలు తక్కువ పడింది. ఇంటికొచ్చి చెప్పు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడి, “పేపర్ల గంత ఏసిండు గదరా, నన్ను మోసం జేసిండ్రు” అన్నాడు. పేపరు చూశా. ధర నిజం. కాకపోతే అది జెండా పాట. ఇక్కడ సగం మందికి తెలుసు, తెలియని పిల్లల కోసం చెప్తున్నా: పొద్దున్నే యార్డులో ఒక మేలు లాటు దగ్గర అందరూ గుమిగూడి పాట పాడతారు, ఆ రోజు ఆ రకానికి పలికే పై ధర అదే. దాన్ని పట్టుకుని హెడ్డింగు పెడతారు. తేమ ఉన్నది, రంగు తగ్గినది, తాలు కలిసినది, వాటన్నిటి ధరలూ కిందికి దిగుతూ పోతాయి. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది ‘మోడల్ ధర’ అని అదే పేపర్లో చిన్న అక్షరాల్లో ఉంది. బాపు చదువుకున్నవాడే. ఆ ఏడు మా చెల్లె పెళ్లి పెట్టుకున్నాం, అప్పుంది, కాబట్టి ఆయన కంటికి పై ధరే కనబడింది. ఫోన్లో కూడా మనకు రోజూ కనిపించేది జెండా పాటే అని నాకనిపిస్తది: ఒక్కడికి వచ్చిన ఉద్యోగం, ఒక్కడికి తగ్గిన షుగరు, ఒక్కడికి లాభమొచ్చిన షేరు. మోడల్ ధర ఎవడూ స్టేటస్ పెట్టుకోడు.

ఇవన్నీ విని ‘అయితే ఏదీ నమ్మను’ అనేవాళ్లు కొందరు తయారవుతారు. వాళ్లతో ఇంకో తంటా. ‘మన జాతీయ గీతం ప్రపంచంలోనే బెస్ట్ అని యునెస్కో ప్రకటించింది’ అన్న మెసేజ్ మీ అందరికీ వచ్చే ఉంటుంది. అలాంటి ప్రకటనేదీ చేయలేదని యునెస్కో 2008లోనే చెప్పింది, అయినా అది ఏటా ఆగస్టులో పుడుతూనే ఉంటుంది. అందులో ఒకసారి దెబ్బతిన్న నా సోపతి ఒకడు, 2021 జులై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందని నేను ఫోన్ చేస్తే, “మళ్ల యునెస్కోనా, పో రా” అని పెట్టేశాడు. ఆ జాబితా యునెస్కో సైట్‌లోనే ఉంది, చూడ్డానికి రెండు నిమిషాలు. వాడికి ఆ రెండు నిమిషాలు కూడా దండగ అనిపించింది. అన్నీ నమ్మేవాడూ, ఏదీ నమ్మనివాడూ ఇద్దరూ ఒకే పని ఎగ్గొడుతున్నారు. ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి అన్నా వాడు నవ్వుతాడు. అది మాత్రం నిజం, అంత తేలికైన ఇటుకలవి.

2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన రాష్ట్రమంతా మెసేజ్‌లు. ఊళ్లల్లో రాత్రిళ్లు కట్టెలు పట్టుకుని కాపలా కాశారు. దారినపోయే అమాయకులను పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయాయి. కొట్టినవాళ్లలో ఎక్కువమంది రౌడీలు కాదు, పిల్లలున్న తండ్రులు. ఆ తర్వాతే వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ కాకుండా ఆపింది, 2020లో మరీ తిరిగిన మెసేజ్‌లను ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. వాటి మీద రెండు బాణాల గుర్తు వస్తుంది. చాలామంది దాన్ని చూసి ‘ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటది’ అంటారు. నిజానికి ఆ బాణాలకు అర్థం, ఇది చేతులు మారీ మారీ వచ్చింది, మొదట ఎవరు రాశారో నీకు తెలియదు అని.

ఇంక నాకు గొంతు ఆరిపోతోంది. ఎనుమాముల ఆసియాలోనే రెండో పెద్ద మార్కెట్ అని మనమంతా ఎంత ధీమాగా చెప్తాం! మొదటిది ఏదని అడిగితే మాత్రం పక్కవాడి మొహం చూస్తాం. ఈ హాల్లో మార్కెట్లో పనిచేసే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారులు గానీ, తూకం చూసే దడువాయిలు గానీ ఉంటే లేవండి, మైకు మీకిస్తా. ఆ నీలం చొక్కా అన్న కోహినూర్ అన్నప్పటి నుంచి చెయ్యి దించలేదు, కోపంగా కూడా ఉన్నట్టున్నాడు. రా అన్నా, ముందు నువ్వే అడుగు.