హాట్ టబ్ కొంటున్నారా? జెట్లు కాదు, ముందు షెల్ చూడండి

అందరికీ నమస్కారం. హాట్ టబ్ షోరూమ్‌కి వెళ్తే సేల్స్‌మన్ ముందు నీళ్లు చిమ్మే జెట్లు లెక్కపెట్టి చూపిస్తాడు, తర్వాత రంగురంగుల లైట్లు వేస్తాడు. షెల్ గురించి, అంటే నీళ్లు నిలిచే, మనం కూర్చునే ఆ తొట్టి గురించి మాత్రం మనం అడిగితే తప్ప నోరు విప్పడు. మోటారు పోతే మార్చుకుంటాం, హీటర్ పోతే ఇంకోటి వేయిస్తాం. షెల్ పోతే టబ్బే పోయినట్టు.

షెల్‌లలో ఎక్కువగా కనిపించేది అక్రిలిక్, ఒక రకం ప్లాస్టిక్. షీటును వేడి చేసి, మెత్తబడ్డాక అచ్చు మీద పరిచి, మధ్యలో గాలి లాగేస్తారు. షీటు అచ్చుకు అతుక్కుని సీట్ల ఆకారం పట్టేస్తుంది. నడుముకీ భుజాలకీ చక్కగా కుదిరే సీట్లు అందుకే దీంట్లో బాగుంటాయి. కానీ ఆ షీటు మందం కొన్ని మిల్లీమీటర్లే. 1,500 లీటర్ల నీళ్లంటే టన్నున్నర బరువు, అందులో నలుగురు మనుషులు కూడా. ఆ బరువు మోసేది పైన మెరిసే అక్రిలిక్ కాదండీ, వెనక ఉన్న ఫైబర్‌గ్లాస్, రెజిన్ (గట్టిపడే జిగురు) పొర. కొన్నింట్లో దాని బదులు ఏబీఎస్ ప్లాస్టిక్ ఉంటుంది. మొహమాటపడకుండా పక్క ప్యానెల్ విప్పించి చూడండి. వేడి పోకుండా నిండా ఫోమ్ కొట్టేసి ఉంటే షెల్ కనపడదు, అప్పుడు కోసిన శాంపిల్ ముక్క అడగండి. పొర ఎంత మందమో అక్కడే తెలిసిపోతుంది.

రెండోది రోటోమౌల్డ్. పాలిథిలీన్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ తిప్పుతారు. మన డాబాల మీద నల్ల నీళ్ల ట్యాంకులు తయారయ్యేది కూడా ఇలాగే. తేలిక, గట్టిది, ధర తక్కువ. మెరుపు ఉండదు, సీట్లు కాస్త మొద్దుగా ఉంటాయి. అక్రిలిక్ మీద చిన్న గీత పడితే సన్నగా రుద్ది పాలిష్ పెట్టొచ్చు. రోటోమౌల్డ్ మీద ఏ జిగురూ సరిగా పట్టదు, రిపేరు కష్టం.

పాతకాలం జెల్‌కోట్ టబ్బులు, అంటే ఫైబర్‌గ్లాస్ మీద రెజిన్ పూత ఉన్నవి, సెకండ్ హ్యాండ్‌లో వస్తుంటాయి. నీళ్లు లోపలికి ఇంకి బొబ్బలు లేస్తాయి. నేనైతే తీసుకోను.

రంగు విషయానికొస్తే, మీది బోరు నీళ్లయితే ముదురు రంగు వద్దు, తెల్లటి ఉప్పు చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మరీ తెలుపైతే జిడ్డు గీత కనిపిస్తుంది. మధ్యస్థంగా ఉండే బూడిద రంగు నయం. అన్నట్టు, ఆదివారం తలంటుకుని ఆ నూనెతోనే టబ్‌లో దిగకండి! నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ అక్రిలిక్‌ను తినేస్తుంది, పీచుతో తోమినా గీతలే. ఖాళీ టబ్‌ను మూత లేకుండా ఎండలో వదిలేయకండి. డాలస్ ఎండైనా, హైదరాబాద్ ఎండైనా సర్ఫేస్ ఉబ్బొచ్చు, పగలొచ్చు.

సొంతిల్లు, ఏళ్ల తరబడి వాడతాం అంటే ఫైబర్‌గ్లాస్ బ్యాకింగ్ ఉన్న అక్రిలిక్‌కే నా ఓటు. అద్దె ఇల్లు, రేపోమాపో మారతాం అనుకుంటే రోటోమౌల్డ్ చాలు. ఏదైనా సరే, షెల్ స్ట్రక్చర్‌కి వారంటీ ఎన్నేళ్లు, సర్ఫేస్‌కి ఎన్నేళ్లు అని విడివిడిగా అడిగి బిల్లు మీద రాయించుకోండి. కరెంటు ఖర్చు సంగతి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.